మెల్లకంటి బోరు

మా అమ్మ నాకు రొట్టె తట్టడం నేర్పింది, రవిక కుట్టడం నేర్పింది, చీనీ చెట్లకు, అంటే బత్తాయి చెట్లకు, పాదులు తీయడం నేర్పింది. ఇంటికొచ్చిన వాళ్ళకు మంచినీళ్ళిచ్చే పని మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చున్నాక నేను చెంబు వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, వంటింట్లోంచి కేక పడేది.

"నువ్వు గమ్మునుండు మే, నేనొస్తాండా!"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. అవతలి మనిషి గ్లాసు చాపి, నేను చెంబు వంచితే, నీళ్ళు గ్లాసు దాటి జానెడు అవతల పడతాయి. జానెడు అవతల ఏముంటుంది? ఆ మనిషి ఒళ్ళో పంచె ఉంటుంది. ఒకసారి మా బర్రెకు సూది వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు తెల్ల ప్యాంటు మీద పోశాను. పాపం, ఆ ప్యాంటు ఆరేదాకా ఆయన లేవలేక, టీ మీద టీ తాగుతూ మా అరుగు మీదే కూర్చున్నాడు. బర్రె ఆయన్ను చూస్తూ నిలబడింది. ప్యాంటు సంగతి పక్కన పెట్టండి. మాది ట్యాంకరు శబ్దం వినగానే బిందెలతో పరుగెత్తే ఊరు. పాలు ఒలికితే అయ్యో అంటారు, నీళ్ళు ఒలికితే వంశాన్ని తిడతారు.

మా ఊరు కదిరికీ ముదిగుబ్బకూ మధ్య ఉంటుంది. నా కళ్ళూ అంతే. కుడి కన్ను ఎదుటి మనిషిని చూస్తుంటే, ఎడమ కన్ను మెల్లగా బయటికి జరిగి తన పని తాను చూసుకుంటుంది. "మా పాప ఒక కంటితో కదిరి బస్సు, ఇంగో కంటితో ముదిగుబ్బ బస్సు చూస్తాది. ఏ బస్సూ తప్పిపోదు" అనేవాడు మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు.

ఇంత చరిత్ర ఉన్న నా చేతి నీళ్ళు ఒక్క నాయనకు మాత్రం తిన్నగా చేరేవి. ఆయన తోట నుంచి వచ్చి, వాకిట్లో బండ మీద కూర్చుని గ్లాసు చాపేవాడు. నేను పోసేదాన్ని. చుక్క కింద పడేది కాదు. నాయన దగ్గర నాకు భయం లేదు కాబట్టి చెయ్యి కుదురుగా ఉంటుందని అనుకునేదాన్ని. అమ్మకు ఇది నచ్చేది కాదు. "వాళ్ళ నాయనకైతే సరిగా పోస్తాది. ఇంటికొచ్చినోళ్ళ మీదనే దీనికి కోపం" అనేది.

ఇక మెల్లకంటి బోరు కథ చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

నాకు అప్పుడు ఏడేళ్ళు. నాయన చీనీ మొక్కలు పెట్టి, వాటికోసం బోరు వేయిస్తున్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసే ఆయన అప్పటికే ఒకటి చూపించి, అందులో దుమ్ము తప్ప ఏమీ రాకపోయేసరికి, కాయను సంచిలో వేసుకుని మాయమయ్యాడు. బోరు లారీ ఇంకా చేనులోనే ఉంది. ఊరంతా అక్కడే ఉంది. అంతలో ఒక మేక నా జడ రిబ్బను లాక్కుపోయి నమలడం మొదలుపెట్టింది. నేను వేలు చాపి, "ఆడ! ఆడ!" అని ఏడుస్తూ అరిచాను.

"పాప చూపిస్తాంది! ఆడ్నే ఏయండి!" అని నాయన గట్టిగా అన్నాడు.

"ఆడంటే యాడ?" అన్నాడు చిన్నాయన. "వేలు మేక మీదుండాది. కన్నేమో పుట్ట దిక్కు చూస్తాంది. వేలును నమ్మల్లా, కన్నును నమ్మల్లా?"

దీని మీద చేనులో పంచాయితీ జరిగింది. వేలు నమ్మాలని సగం మంది, కన్ను నమ్మాలని సగం మంది. మేకను తరిమి నా రిబ్బను తెచ్చిచ్చే ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. చివరికి నాయనే తేల్చాడు. "వేలూ, కుడి కన్నూ మేకను చూస్తాండాయి. ఎడమ కన్ను యాడ చూస్తాందో ఆడ ఏయండి. మెల్లకన్ను అదృష్టమని పెద్దోళ్ళు ఊరికే చెప్పలా."

వేశారు. నీళ్ళు పడ్డాయి. ఎగజిమ్మిన బురద నీళ్ళలో నేనూ మేకా కలిసే తడిశాం.

ఆ రోజుకు ముందు నేను ఊళ్ళో వేరే మనిషిని. పొద్దున్నే పనికి పోయే ఆడవాళ్ళు నేను ఎదురైతే చెంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని పోయేవాళ్ళు. బడిలో పిల్లలు నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయను. బోరులో నీళ్ళు పడ్డ మర్నాటి నుంచి అదే ఆడవాళ్ళు మా వాకిట్లో నిలబడి, "పాప లేసిందా? మొగం చూసి పోతాం" అనడం మొదలుపెట్టారు. ఆ బోరుకు మెల్లకంటి బోరు అని పేరు పడింది. ఇప్పటికీ కరెంటాయన ఆ పేరుతోనే మా మోటారు గురించి మాట్లాడతాడు.

తర్వాత చిన్నాయన నా వ్యవహారాలన్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. సెలవు వస్తే చాలు, నన్ను మోటారు సైకిలు ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చుట్టుపక్కల చేన్లకు తిప్పేవాడు. నేను చేను మధ్యలో నిలబడాలి. ఎదురుగా ఏదో ఒకటి చూడాలి. నా ఎడమ కన్ను ఎటు పోయిందో చిన్నాయన కిందికి వంగి, ఒక కన్ను మూసి గురి చూసి, సున్నంతో గీత గీసేవాడు. ఇంటివాళ్ళు నాకు రవిక గుడ్డ, కొబ్బరికాయ, రెండు అరటిపళ్ళు పెట్టేవారు. పళ్ళు చిన్నాయనే తినేవాడు. నీళ్ళు పడితే నా కన్ను గొప్ప, పడకపోతే ఆ రైతు కర్మ. ఒక రైతు చేనులో నా ఎడమ కన్ను గట్టు దాటి పక్కవాడి చేనులోకి పోయింది. చిన్నాయన ఎంత బతిమాలినా వెనక్కి రాలేదు. మేం ఇల్లు చేరే లోపల ఆ పక్కవాడు కొబ్బరికాయతో మా వాకిట్లో నిలబడి ఉన్నాడు.

ఇంత వైభవంలో నా కంటికి వైద్యం చేయించాలని ఎవరికి తోస్తుంది? అదృష్టానికి మందెవరు వేస్తారు?

నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. పెళ్ళయి కదిరిలో కాపురం. అక్కడే ఒక బడిలో తెలుగు చెబుతాను. ఈ మధ్య పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తల పగిలిపోయేది, వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కేవి. అనంతపురంలో కంటి ఆసుపత్రికి పోయాను. పరీక్షలన్నీ చేశాక నన్ను ఒక గదిలోకి పంపారు. అక్కడ కంటికి కసరత్తులు నేర్పే అమ్మాయి ఉంది. నా దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన పిల్లలాగా ఉంది. నా చేతికి ఒక పెన్ను ఇచ్చి, తను దాని మూత పట్టుకుని, "అక్కా, ఇందులో పెట్టండి" అంది. నేను గాలిలో పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ గాలిలోనే పెట్టాను. మూడోసారి ఆమె చేతిలో గుచ్చాను.

"మీది సోమరి కన్ను అక్కా" అంది చెయ్యి రుద్దుకుంటూ. "కన్ను బాగానే ఉంది. కానీ మీ మెదడు దాని మాట వినడం ఎప్పుడో మానేసింది. రెండు కళ్ళూ కలిసి ఒకే వస్తువును చూస్తేనే అది ఎంత దూరంలో ఉందో, దాని ముందేముందో వెనకేముందో తెలుస్తుంది. మీకు ప్రపంచం గోడ మీద క్యాలెండరులాగా కనబడుతూ ఉండాలి."

"అందరికీ అట్లనే కదా కనబడేది?" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. చిన్నప్పుడే వచ్చి ఉంటే సులువుగా నయమయ్యేదంది. ఇప్పుడైనా రోజూ శిక్షణ చేస్తే కొంతవరకు దారికి రావచ్చు, మాట మాత్రం ఇవ్వలేనంది. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మధ్యలో మానేస్తే కన్ను మళ్ళీ మొదటికే పోతుంది. అప్పుడు ఇంకా మొండికేస్తుంది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ బస్సులో ఉన్న ప్రతి మనిషి మీదా కుళ్ళుకున్నాను. నిద్రపోతున్న ముసలాయన, పల్లీలు నములుతున్న పిల్ల, టికెట్లు కొట్టే కండక్టరు, వీళ్ళందరికీ చిన్నప్పటి నుంచీ ఉన్నదేదో నాకు లేదు. లేదన్న సంగతి కూడా నాకు తెలియదు. ఎలాగైనా సరే, ఒక్కసారి ఈ లోకాన్ని రెండు కళ్ళతో చూసి తీరాలని ఆ బస్సులోనే పట్టుబట్టాను.

ఎండాకాలం సెలవులు ఇచ్చారు. మా ఆయన్ను కదిరిలో అంగడికి వదిలేసి, శిక్షణ సామానుతో పుట్టింటికి చేరాను. అదేం పెద్ద సామాను కాదు. కుడి కంటికి కట్టే పట్టీ, మూడు రంగుల పూసలు గుచ్చిన ఒక పొడవాటి దారం, వేలాడదీయడానికి ఒక చిన్న బంతి.

మొదటి రోజు కుడి కంటికి పట్టీ కట్టుకుని వాకిట్లోకి వచ్చాను. ఎడమ కన్ను ఒక్కదానితో నడవడం అదే మొదలు. మసకమసకగా అరుగు మీద ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు కనబడితే చీర కొంగు సర్దుకుని, "బాగుండావా మామా?" అన్నాను. అది ఎరువు బస్తా మీద ఆరేసిన గొంగడి. అప్పటికే పక్కింటి అవ్వ చూసింది. సాయంత్రానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా పరామర్శకు వచ్చారు. "బాగుండే కన్ను పోయిందంట కదమ్మా" అని ముక్కు చీదారు. అమ్మ అందరికీ నీళ్ళిచ్చింది. నేను లేవబోతే ఒకేసారి నలుగురు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు.

సోమరి కన్ను అనే మాట నాయనకు నచ్చలేదు. ఆయన మనిషిని దొంగ అన్నా ఊరుకుంటాడు, సోమరి అంటే ఊరుకోడు.

"మనింట్లో సోమరులు యాడుండారు? ఆ పాపకేం తెల్సు?" అన్నాడు. కసరత్తుల సంగతి చెప్పాక మాత్రం మెత్తబడ్డాడు. "ఎద్దుల్లో కూడా ఇంతే పాపా. జతలో ఒగటి బలంగా గుంజుతా ఉంటే రెండోది ఊరికే పక్కన నడుస్తాది. అది సోమరిది కాదు. దానికి పని పడ్ల్యా. బలమైన దాన్ని కొట్టంలో కట్టేసి దీంతో ఒంటిగా గుంటక తోలిస్తే తెలివికొస్తాది."

"మా పట్టీ కూడా అదే నాయనా" అన్నాను.

"అట్లయితే కట్టుకో" అని తోటకు పోయాడు.

దారం కసరత్తు ఇలా ఉంటుంది. ఒక చివర కిటికీ కమ్మీకి కట్టాలి. రెండో చివర ముక్కు కొసకు ఆనించి పట్టుకోవాలి. ఒక్కో పూసనూ రెండు కళ్ళతో చూడాలి. రెండు కళ్ళూ పని చేస్తుంటే ఒకే దారం రెండుగా కనబడి, చూస్తున్న పూస దగ్గర కలుసుకోవాలి. ఒక్క దారమే కనబడితే ఒక కన్ను నిద్రపోయినట్టు. నాకు ఒక్కటే కనబడేది. నేను ముక్కుకు దారం పట్టుకుని, కదలకుండా, ఒక్కో పూసా చూస్తూ లోపల్లోపల గొణుక్కుంటుంటే, కిటికీ బయట నుంచి పక్కింటి అవ్వ చేతులు జోడించింది. రెండు రోజులకు ఆమె ఏదో రోగం వచ్చిన గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి, "దీనికి కూడా ఒగ దారం మంత్రించి ఇయ్యమ్మా" అంది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి అమ్మే ఏదో పాత దారం ముక్క ఇచ్చి పంపింది. గొర్రెపిల్ల బాగుపడింది. ఆ తర్వాత మా ఇంటికి గొర్రెల రాక ఆగలేదు.

బంతి కసరత్తు బంతితో జరగలేదు. దాన్ని కుక్క ఎత్తుకుపోయింది. దాని బదులు ఎండిన చీనీకాయను పాత వల గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీశాను. అది ఊగుతూ వస్తుంటే వేలితో తాకాలి. నేను తాకడానికి చెయ్యి ఎత్తే లోపల అది వచ్చి నా ముక్కును తాకి పోయేది. అన్నిటికన్నా కష్టమైంది నీళ్ళ కసరత్తు. చెంబుతో నీళ్ళు ఎత్తి సన్నటి మూతి సీసాలోకి పోయాలి. నడి ఎండాకాలంలో నీళ్ళతో ఆటలా అని అమ్మ చెంబు లాక్కుంది. నీళ్ళ బదులు రాగులు పోసుకోమంది. నేను రాగులు పోయడం మొదలుపెట్టగానే ఊళ్ళో కోళ్ళన్నీ మా వాకిలికి చేరాయి. సీసాలో పడేవి కొన్నే, కోళ్ళకు పడేవి శానా. నేను చెంబు పట్టుకుని గుమ్మం దాటితే చాలు, వెనకాల కోళ్ళ ఊరేగింపు నడిచేది.

అయినా మానలేదు. ఒక రోజు పూస దగ్గర రెండో దారం లీలగా కనబడి మాయమైంది. నేను వేసిన కేకకు కోళ్ళు చెదిరిపోయాయి.

సరిగ్గా అప్పుడే మెల్లకంటి బోరు ఎండిపోయింది. ముందు నీళ్ళు సన్నబడ్డాయి, తర్వాత గాలి వచ్చింది, తర్వాత అదీ రాలేదు. చీనీ ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. నాయన మాట్లాడడం తగ్గించాడు. రోజూ పొద్దున తోటంతా తిరిగి వచ్చి, బండ మీద కూర్చుని గ్లాసు చాపేవాడు. ఇంకో బోరు వేయక తప్పదని తేలింది.

చిన్నాయన పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే కిటికీకి కట్టిన నా దారం విప్పి చుట్ట చుట్టాడు.

"ఈ యవ్వారాలన్నీ ఆపు పాపా. బోరు పడేదాకా ఆ కన్నును ఎవురూ ముట్టుకోవద్దు. దాన్ని దాని మానాన వదిలేయ్."

"ఆపితే మొదటికొస్తాది చిన్నాయనా" అన్నాను.

"మొదటికి రావల్లనే కదా నేననేది! మొదట్లోనే కదా నీళ్ళు పడినాయి!"

అమ్మ కూడా చిన్నాయన వైపే చేరింది. "ఒగ నెల ఆపితే ఏమైతాది మే? కన్ను యాడికీ పోదు. చెట్లు పోతే మళ్ళా రావు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళప్పటి నుంచీ నా కన్ను మీకు బోర్లు చూపించడానికే ఉంది కదా, ఇప్పుడైనా నన్ను చూసుకోనివ్వండి అని అరిచాను. ఇన్నేళ్ళలో ఒక్కరైనా నా కంటిని డాక్టరుకు చూపించారా అని అడిగాను. అడిగి నాయన వైపు చూశాను. ఆయన ఆపమనీ అనలేదు, ఆపొద్దనీ అనలేదు. లేచి బర్రెకు మేత వేయడానికి పోయాడు. చిన్నాయన అన్న మాటలకన్నా అదే నన్ను ఎక్కువ కోసింది. నాయనకు కూడా నేను కాదు, నా మెల్లకన్నే కావాలి అనుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాటి నుంచి దారం తీసుకుని తోటలోకి పోయి, చీనీ చెట్టుకు కట్టుకుని చేసుకున్నాను. అక్కడికి చిన్నాయనా రాడు, గొర్రెలూ రావు. ఒక పొద్దున దారం వదిలి తల ఎత్తేసరికి ఎదురుగా ఉన్న చెట్టు ఒక్కసారి విచ్చుకుంది. ఆకు ముందు ఆకు నిలబడి ఉంది. ఆ ఆకు వెనక కొమ్మ, కొమ్మ వెనక గాలి, ఆ గాలి వెనక ఇంకో కొమ్మ. ఒక చీనీకాయ చెట్టులోంచి బయటికి వచ్చి నా ముఖం ముందు వేలాడుతోంది. చెయ్యి చాపాను. మొదటిసారికే అందింది. చెట్టు లోపల అంత చోటు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. కాయను పట్టుకుని అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను. ఏడుపు ఆగాక మళ్ళీ చూశాను. ముడుచుకున్న ఆకులు కూడా ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, తోట లోపలి దాకా కనబడ్డాయి. ఇంతగా ఎండిందని అంతకు ముందు నాకు తెలియలేదు. నా కన్ను బాగుపడింది కాబట్టి ఈ చెట్లు పోతాయేమోనని గుబులు పుట్టింది. తెలుగు పాఠాలు చెప్పే మనిషిని, అలాంటివి నమ్మను. కానీ ఆ రోజు నమ్మాను.

బోరు లారీ వచ్చింది. ఊరంతా చేనులో చేరింది. చిన్నాయన నన్ను తోట పక్కన ఖాళీ చేను మధ్యకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు నా గడ్డం ఎత్తి కళ్ళలోకి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"రెండూ నన్నే చూస్తాండాయే!" అన్నాడు.

"ఏం చేయమంటావు?"

"వదిలేయ్ మ్మా. ఎడమది వదిలేయ్. చిన్నప్పుడు ఎట్ల వదులుతాంటివో అట్ల."

నేను నిజంగానే ప్రయత్నించాను. దూరంగా కొండను చూశాను. రెండు కళ్ళూ కలిసి కొండకు పోయాయి. మేకను చూశాను. రెండూ కలిసి మేక మీద వాలాయి. ఎవరో మేకను పుట్ట వైపు తోలారు, రెండు కళ్ళూ దాని వెంటే నడిచాయి. తల తిప్పమన్నారు, పస్తు ఉండమన్నారు, నిద్ర వస్తున్నట్టు ఊహించుకోమన్నారు. పక్కింటి అవ్వ, "ఆ దారాలతోనే కన్నును కట్టేసుకునింది" అంది. లారీ డ్రైవరు తమిళాయన. అతనికి ఇదేమీ అర్థం కాక, ఈ అమ్మాయి ఏం పోగొట్టుకుంది, ఏం వెతుకుతోంది అని వచ్చిన వాళ్ళనల్లా అడుగుతున్నాడు. అందరి కళ్ళూ నా కళ్ళ మీద ఉన్నాయి. వెనకాల చీనీ చెట్లు ఉన్నాయి.

అప్పుడు నాయన గడ్డపార పట్టుకుని గుంపులోంచి బయటికి వచ్చాడు. చేను చివర గట్టు దగ్గరికి నడిచి, ఒక చోట గడ్డపార దింపాడు.

"ఈడ ఏయండి."

"నువ్వెట్ల చెప్తావన్నా?" అన్నాడు చిన్నాయన.

"పోయినసారి కూడా నేనే చెప్పినా" అన్నాడు నాయన. "పుట్ట పక్కన గరిక ఎండలో కూడా పచ్చగా ఉండ్య. ముందు రోజే చూసుకున్యా. ఈడా అట్లనే ఉండాది."

చిన్నాయన గడ్డపార దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మరి నేను పాపను బండెక్కించుకొని ఊరూరా తిప్పినప్పుడు ఒగ మాట చెప్పకూడదా?"

"నన్నడిగి తిప్పినావా?"

డ్రైవరుకు కావలసింది గుర్తు. గడ్డపార కనబడగానే లారీని అక్కడికి తోలి మిషను మొదలుపెట్టాడు. తెల్లటి రాతి దుమ్ము లేచింది. చెవులు పగిలే మోత. నేను దుమ్ములోంచి నాయన దగ్గరికి పోయి, ఆయన చెవి దగ్గర అరిచాను.

"మరి నా కన్ను చూపించిందని ఎందుకు చెప్పినావు నాయనా? ఆ మాటతోనే కదా నాకు వైద్యం లేకుండా పోయింది!"

నాయన కూడా అరిచాడు. మోతలో నాకు సగమే వినబడింది. చెవికి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చెప్పమన్నాను. ఆయన ఊపిరంతా పీల్చుకుని అరిచాడు. సరిగ్గా అదే క్షణంలో డ్రైవరు పైపు మార్చడానికి మిషను ఆపాడు.

"కంటికి వైద్యం ఉంటాదని నాకేం తెల్సు పాపా! ఈ ఊరోళ్ళ నోళ్ళకు ల్యాదని మాత్రం తెల్సు!"

చేనంతా వినబడింది. అవతల రోడ్డు మీద పోయే వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. ఆడవాళ్ళు కొందరు నేల చూశారు. కొందరు పైపు చూశారు. పక్కింటి అవ్వ ఒక్కతే, "మా నోళ్ళేం చేసినాయప్పా?" అంది. నాయన సిగ్గుపడి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నాకు కోపం పోలేదు. పోయిందంటే అబద్ధం. చిన్నప్పుడే డాక్టరు దగ్గరికి పోయి ఉంటే అన్న ముల్లు ఇప్పటికీ ఉంది. కానీ చెంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగే ఆడవాళ్ళ మధ్య ఏడేళ్ళ పిల్లను నడిపించడానికి నాయన దగ్గర ఆ ఒక్క అబద్ధమే ఉందని అప్పుడు తెలిసింది. మేత వేసే నెపంతో లేచిపోయిన రోజు ఆయన చెప్పలేకపోయిందేమిటో కూడా తెలిసింది.

మధ్యాహ్నం దాటేదాకా దుమ్మే వచ్చింది. తర్వాత దుమ్ము రంగు మారింది. తర్వాత తేమ, తర్వాత బురద, తర్వాత నీళ్ళు. రెండించుల నీళ్ళు. మా ప్రాంతంలో దాన్ని తక్కువని ఎవరూ అనరు. పిల్లలు తడిశారు, కోళ్ళు పారిపోయాయి. చిన్నాయన అప్పటికే నలుగురిని పక్కకు పిలిచి చెబుతున్నాడు. "ఎవురు చెప్పితే ఏముండాది? పాప చేనులో నిలబడింది కాబట్టే పడినాయి. ఇప్పుడు రెండు కండ్లు పని చేస్తాండాయి కదా, అందుకే రెండించులు!"

కొత్త బోరు నీళ్ళు మొదట గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి ఒలికించి, తర్వాత అక్కడున్న వాళ్ళందరికీ తలా కాసిని తాగించడం మా వాడుక. నీళ్ళు కాస్త తేటపడ్డాక అమ్మ చెంబు ముంచింది. ముంచి నా వైపు చూసింది. చూసి, చెంబు నా చేతిలో పెట్టింది.

"పొయ్యి మే" అంది. అని కళ్ళు మూసుకుంది.

డ్రైవరుకు పోశాను. గ్లాసు అంచు ఎక్కడ ఉందో నాకు కనబడుతోంది. దాని ఇవతలి అంచు వేరు, అవతలి అంచు వేరు, మధ్యలో గుండ్రటి ఖాళీ. నీళ్ళు ఆ ఖాళీలోకి దిగాయి. చిన్నాయన గ్లాసు చాపే ముందు ఒళ్ళో తువ్వాలు పరుచుకున్నాడు. తువ్వాలు తడవలేదు. ఆయన దాన్ని రెండు సార్లు తడిమి చూసుకున్నాడు. పక్కింటి అవ్వ చెయ్యి చాచినంత దూరం చాచి పట్టుకుంది. ఆమెకూ పోశాను. వరసగా అందరికీ పోశాను. అమ్మ ఒక కన్ను తెరిచి చూసింది, తర్వాత రెండోది తెరిచింది.

చివర నాయన. గట్టు మీద కూర్చుని, ఎప్పటిలాగే గ్లాసు చాపాడు. ఆయన చూపు నీళ్ళ వైపు లేదు, చీనీ చెట్ల వైపు ఉంది. గ్లాసు మధ్యకు సరిగ్గా చూసుకుని నేను చెంబు వంచాను. నీళ్ళు చెంబు మూతి దాటగానే, నాయన చెయ్యి దానంతట అదే జానెడు వెనక్కి, తన ఒడి వైపు జరిగింది.

నీళ్ళన్నీ గ్లాసు ఇవతల మట్టిలో పడ్డాయి.

"నీళ్ళు! నీళ్ళు!" అని అమ్మ అరిచింది. నీళ్ళు ఒలికినందుకు మొట్టమొదటిసారి ఆమె నాయనను తిట్టింది.

నాయన తడిసిన మట్టిని చూశాడు, ఖాళీ గ్లాసును చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. నేనూ ఆ చేతినే చూస్తున్నాను, రెండు కళ్ళతో. నా నీళ్ళు నాయనకు మాత్రం ఎందుకు తిన్నగా చేరేవో నాకు అప్పటిదాకా తెలియదు.

"జరపొద్దు నాయనా" అన్నాను. "ఉండే చోటే పట్టుకో."

నాయన గ్లాసు మళ్ళీ చాపి, రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నేను చెంబు ముంచుకుని వచ్చి పోశాను.